పత్రికల కట్టల కింద ఫెరారీ

2014లో పశ్చిమ ఫ్రాన్స్‌లోని ఓ పల్లెటూరి ఎస్టేటుకు పారిస్ వేలం సంస్థ ఆర్ట్‌క్యూరియల్ నిపుణులు వెళ్లారు. అక్కడి షెడ్డులో దుమ్ము పట్టిన కారు, దాని మీద పాత పత్రికల కట్టలు. అది ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్.

వేగంగా, హాయిగా దూరాలు వెళ్లేందుకు ఇటలీలో తయారైన గ్రాండ్ టూరర్ అది. రూపం పినిన్‌ఫరినాది, బాడీ కట్టింది స్కాలియెట్టి. ముందు భాగంలో మూడు లీటర్ల, 12 సిలిండర్ల ఇంజను. హెడ్‌లైట్లకు పారదర్శకమైన మూతలు.

1961 పారిస్ మోటార్ షోలో నిలబెట్టిన ఈ కారును మొదట నటుడు జెరార్ బ్లెయిన్ కొన్నాడు. ఆయన నుంచి మరో నటుడు అలాన్ దెలోన్ చేతికొచ్చింది. జేన్ ఫాండా, షర్లీ మెక్‌లేన్‌లతో దెలోన్ ఇందులో దిగిన ఫొటోలున్నాయి. 1971లో పాత కార్ల మీద మోజున్న ఓ రవాణా వ్యాపారి కొన్నాడు. మ్యూజియం పెట్టాలని ఆయన కల. ఆ దశకంలోనే వ్యాపారం దెబ్బతింది. కొన్ని కార్లు అమ్ముడుపోయాయి, మిగిలినవి షెడ్లలో ఉండిపోయాయి.

ఆయన వారసులు 2015 ఫిబ్రవరిలో ఈ ఫెరారీని వేలానికి పెట్టారు. బాగు చేయించకుండా, ఉన్నదున్నట్టే అమ్మితే కోటీ 60 లక్షల యూరోలు దాటింది. ఛాసిస్ నంబరు, ఫొటోలు, యజమానుల వరుస అన్నీ సరిపోవడం అందులో పెద్ద కారణం. మీ ఇంట్లో తాతల నాటి బండి ఉంటే, దాని కాగితాలు మాత్రం పారేయకండి.