చూచి వ్రాయుట – చూడ నేర్చుట



చిత్రలేఖనము నేర్వగోరువాడు పెద్దల పటమును చూచి వ్రాయుట దోషము కాదు. ఓనమాలు దిద్దినవాడే గదా కావ్యము చదువును! రవివర్మయు యువకుడుగా నున్నప్పుడు, 1868లో తిరువాన్కూరు ఆస్థానమునకు వచ్చిన జెన్సన్ అను ఐరోపా చిత్రకారుని పని చూచుచు నూనెరంగుల మర్మము నేర్చెను.

నేను వికారాబాదులో మా యింట టిషియన్ పటపు అచ్చుప్రతిని ముందుంచుకొని అభ్యాసము మొదలిడితిని. ఇటలీ దేశపు ఆ మహాచిత్రకారుడు 1520–23 నడుమ దానిని రచించెను. మూలపటము లండను నేషనల్ గ్యాలరీలో నున్నది. కథ మనకు కొత్తది కాదు. నలుడు దమయంతిని అడవిలో విడిచినట్లు, థీసియసు నిద్రించుచున్న అరియాడ్నీని దీవిలో విడిచి యోడ నెక్కెను. అంతలో మద్యదేవతయగు బాకసు, చిరుతలు పూన్చిన రథమునుండి ఆమె కొఱకు దుముకుచున్నాడు.

“ఎవరి దేవతలనురా యిన్నాళ్లు గీయుచున్నావు?” అని మా యమ్మ యడిగెను. నాయొద్ద ఉత్తరము లేకపోయెను.

తొందరపడి అవిసెనూనె మిక్కుటముగా కలిపి ఆకాశము వ్రాసి, దానిపై పలుచని రంగు పూసితిని. కొన్ని నెలలకు పటము వేసవి చెరువువలె బీటలు వాఱెను. నీటిరంగు నీరు ఆవిరియై ఆరును. నూనె గాలిలోని ప్రాణవాయువును గ్రహించి మెల్లగా గట్టిపడును. అడుగుపూత పచ్చిగా నుండగా పైపూత బిగిసినచో బీట తప్పదు. కావున అడుగున నూనె తక్కువగను, పైన ఎక్కువగను ఉండవలెను.

రెండవ పటము నిలిచినది గాని, అరియాడ్నీ కొయ్యబొమ్మవలె నుండెను.

ఒకనాడు తాండూరు స్టేషనులో ఒక స్త్రీ కదలిపోవు రైలువైపు చేయి చాచి నిలిచి యుండెను. పెనిమిటి పనికై పరవూరు పోవుచున్నాడు కాబోలు. వెనుక బిడ్డ యేడ్చెను. పాదములు రైలువైపే యుండగా ఆమె మొగము మాత్రము బిడ్డవైపు తిరిగెను. నా యొడలు గగుర్పొడిచెను. టిషియన్ వ్రాసిన స్త్రీయు నిట్లే! చేయి పోవు ఓడవైపు, మొగము వచ్చువానివైపు. ఒక్క దేహమున రెండు మనసులు. నెలల తరబడి గీతలు కొలిచియు నేను కానలేనిది అరనిముసములో కానవచ్చెను.

మూడవ పటమున తాండూరు నాపరాళ్లపై ఆ స్త్రీనే నిలిపితిని. మా యమ్మ చాలసేపు చూచి, “దమయంతి కదురా!” అనెను.

పెద్దలారా, మీ యూర ఏ బాలుడైనను పరదేశపు పటము చూచి గీయుచున్నచో వారింపకుడు. గీసిన పిదప మాత్రము వానిని సంతకు, చెరువుగట్టునకు, కళ్లమునకు పంపుడు. గురువు నేర్పినది అచ్చటనే తెలియును.