ఇంటి వసారాలో వడ్రంగశాల

కుర్చీ కాలు ఊడినా, బీరువా తలుపు జారినా, మంచం పట్టె వదులైనా మనకు తోచే ఉపాయం ఒక్కటే: వడ్రంగికి కబురు పంపటం. ఆయన ఆనాడే వస్తే అదృష్టం. రాకపోతే కుర్చీ అటక మీదికి చేరుతుంది. రెండు మూడేళ్లకు పాతసామానులవానికి కారుచౌకగా వెళ్లిపోతుంది. నిజానికి ఆ కాలును తిరిగి బిగించటానికి కావలసినవి గంటసేపటి శ్రమ, నాలుగు పనిముట్లు, కొయ్యను కదలనివ్వని ఒక చోటు. మొదటి రెండూ సమకూర్చుకోవటం కష్టం కాదు. చాలా ఇళ్లలో లేనిది ఆ మూడవదే.

ఇంట్లో వడ్రంగశాల అనగానే యంత్రాల రొద, గోడనిండ వేలాడే ఆయుధాలు మనస్సుకు వస్తాయి. ముందు వాటిని కొని, చోటు సంగతి తరువాత ఆలోచించేవారే ఎక్కువ. కాని మన పల్లెల్లో బండిచక్రాలు, నాగళ్లు, ద్వారబంధాలు తయారుచేసిన వడ్రంగులకు పనిశాల తరచు ఒక చెట్టునీడ మాత్రమే. నేలమీద కూర్చుండి, కొయ్యను పాదాలతో అదిమి పట్టి, బాడితతోను ఉలితోను పని సాగించేవారు. పాదాలే వారి బిగింపు సాధనాలు. చిన్ననాడు అలవడిన ఆ నేర్పు నడివయస్సులో పని మొదలుపెట్టేవారికి రాదు. అనుకరించబోతే గాయం తప్పదు. కనుక ఆ పాదాలు చేసే పనిని మనకొక బల్ల చేసిపెట్టవలె. ఇంటి వడ్రంగశాలకు మొదలు ఆ బల్లయే.

బల్ల 5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉంటే సాధారణ గృహస్థునికి చాలు. పైపలక మందం రెండున్నర అంగుళాలకు తగ్గరాదు. కాళ్లు బలంగా ఉండి, నేలకు దగ్గరగా అడ్డపట్టెలతో ఒకదానికొకటి బిగిసి ఉండవలె. నిటారుగా నిలిచి చేతులు వదలినప్పుడు మణికట్టు ఎంత ఎత్తున ఉంటుందో బల్ల ఇంచుమించు అంత ఎత్తు ఉండటం మంచిది. ఇది చాలామందికి 80 సెంటీమీటర్ల ప్రాంతంలో వస్తుంది. అంతకంటె ఎత్తైతే చిత్రిక పట్టేటప్పుడు శరీరపు బరువు సాయపడదు. తగ్గితే నడుము నొప్పి పుడుతుంది. ఈ బల్లకు కొత్త టేకు అక్కరలేదు. పాత ఇళ్లు విప్పినచోట దొరికే దూలాలు ఎన్నో ఏళ్లుగా ఆరి స్థిరపడినవి. వాటికంటె మేలైనవి ఉండవు. అయితే రంపం పెట్టక ముందు అయస్కాంతంతో తడవి, లోపల దాగిన ఇనుప మేకులను పెరికివేయవలె. బల్ల అంచున ఒక వైసు, పైన ఒక అడ్డుకొయ్య, నాలుగు క్లాంపులు అమర్చితే కొయ్య ఎటూ కదలదు.

బల్లను వసారాలోనో పెరటి పంచలోనో కిటికీ పక్కన వేయవలె. కుడిచేతివాటం వారికి వెలుతురు ఎడమనుండి రావలె. అప్పుడు చేతినీడ గీసిన గీతమీద పడదు. పొడవైన పలక కోసేటప్పుడు రెండు వైపులా చోటు కావాలి గనుక బల్ల వాకిలికి ఎదురుగా ఉండటం అనుకూలం. మేడలమీద చిన్న వాటాలలో కాపురముండేవారు బాల్కనీలో చిన్న బల్ల వేసుకొనవచ్చు. పొరుగువారి నిద్రవేళలలో మాత్రం సుత్తికి సెలవియ్యవలె.

ఇక పనిముట్లు. ఒక చేతిరంపం, కొలబద్ద, మూలమట్టం, పావు, అర, ఒక అంగుళం వెడల్పుగల మూడు ఉలులు, కొడతి, చిత్రిక, బరమా, సానరాయి. ఈ జాబితాలో అందరూ మరచేది చివరిదాన్నే. మొద్దుబారిన ఉలికంటె పదునైన ఉలి అపాయకరమని సామాన్యుల నమ్మకం. అనుభవం చెప్పేది అందుకు విరుద్ధం. మొద్దు ఉలిని బలవంతంగా నెట్టవలసి వస్తుంది; నెట్టినది జారుతుంది; జారినది చేతిని వెదుక్కుంటుంది. ఉలి అంచును 25 నుండి 30 డిగ్రీల వాలులో నూరి ఉంచవలె. కొయ్య బల్లకు బిగిసి ఉంటే రెండు చేతులూ అంచుకు వెనుకనే ఉంటాయి. వేళ్లు దక్కటానికి ఈ ఒక్క నియమం చాలావరకు చాలు.

పనిముట్టును ఎరిగినట్లే కొయ్య స్వభావాన్నీ ఎరగవలె. వానకాలంలో సొరుగు బిగుసుకొని వేసవిలో వదులు కావటానికి కారణం కొయ్య గాలిలోని తేమను పీల్చటం, వదలటం. పొడవున ఈ మార్పు అత్యల్పం, వెడల్పున ఎక్కువ. వార్షిక వలయాల వెంబడి వచ్చే ముడుత, చెట్టు నడిబొడ్డునుండి బెరడు వైపు వచ్చే ముడుతకు సుమారు రెట్టింపు. అందుచేత కాకినాడ తేమలో బిగించిన పలక అనంతపురపు ఎండలో బీటలు వారితే ఆశ్చర్యం లేదు. కొన్న కలపను ఇటుకలపై నేలకు ఎడంగా, పలకకూ పలకకూ నడుమ సన్నని బద్దలు పెట్టి పేర్చితే గాలి ఆడుతుంది. చెదలు పట్టినా ముందే కంటబడతాయి.

ఇంటిలో పెట్టే పనిశాల గనుక ఇంటివారి క్షేమం ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రచురించిన గ్రంథంలో కొయ్యధూళిని మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలో చేర్చింది. ఏళ్ల తరబడి ఆ ధూళిలో పనిచేసిన వారిలో ముక్కు లోపలి భాగాలకు ఆ వ్యాధి వచ్చినట్లు తేలింది. కనుక గరుకు కాగితంతో రుద్దేటప్పుడు ముక్కుకు తగిన మాస్కు ఉండవలె. పసిపిల్లలు ఆ గాలిలో ఉండరాదు. మెరుగుకు వాడే అవిసెనూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేస్తే, తమంతట తామే వేడెక్కి అంటుకొనే ప్రమాదమున్నది. వాటిని ఆరుబయట విడదీసి ఆరవేయవలె, లేదా నీటిలో ముంచవలె. విద్యుత్ రంపం వాడేవారు కండువా, వదులు చొక్కా, గాజులు తీసివేయవలె. తిరిగే బ్లేడు దగ్గర చేతితొడుగులు కూడ కూడవు. అవి చిక్కుకొంటే చేతిని కూడ లోపలికి లాగుతాయి.

ఇంటింటా ఇట్లు పని మొదలైతే వడ్రంగి బ్రతుకు ఏమగునని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఒక కొయ్య కొనను కుసిగా చెక్కి, మరొక కొయ్యలో తొలిచిన బెజ్జంలోకి సందు లేకుండ దించటానికి ఎంత ఓపిక కావలెనో చేసి చూచినవారికే తెలుస్తుంది. అట్టివారు వడ్రంగి కూలి దగ్గర బేరమాడరు. మంచి పనికీ తొందరపనికీ భేదం గుర్తించి, మంచివానినే మళ్లీ పిలుస్తారు. కూర్చున్న కుర్చీని చేసినవాని చేతి విలువ తెలియకపోవటం మన చదువుకొన్నవారిలో పాతుకొన్న లోపం. 1866లో ఫిన్లాండు దేశం ప్రజాపాఠశాలల చదువులో చేతిపనిని చేర్చటం, 1937లో వార్ధాలో గాంధీజీ చేతివృత్తిని విద్యకు కేంద్రం చేయబూనటం ఈ లోపాన్ని సవరించటానికే. ఆ పాఠం ఇంటి వసారాలో కూడ చెప్పుకొనవచ్చు.

మొదటి పనిగా ఒక పీట చేయండి. ఒక పలక, అడుగున రెండు అడ్డబద్దలు. పలక అంచులు మూలమట్టానికి సరిపడవలె. పైభాగం చిత్రికతో చదును కావలె. బద్ద నడిమి మరమేకును గట్టిగా బిగించి, కొనలలోని మేకులకు బెజ్జాలను పలక వెడల్పు దిశగా కొంచెం సాగదీసి తొలవండి. పలక ఋతువును బట్టి పెరిగి తరగటానికి అది తావు. నేలమీద పెట్టినప్పుడు పీట ఊగకుండ నిలిస్తే మీ బల్ల, మీ ఉలి, మీ కన్ను మూడూ కుదిరినట్లే. ఊగితే మరల బల్లమీద బిగించి, ఎత్తైన మూలను రెండు చిత్రికలు దించండి. అటక మీది కుర్చీని అటుపిమ్మట కిందికి దించవచ్చు.