హెచ్చరించు విద్యకు గీటురాయి

ఒక జాతికో, ఒక మతమునకో చెందినవారను కారణముచే వేలకొలది ప్రజలను చంపుట ఒకనాటి ఆవేశముతో జరుగు పని కాదు. దానికి ముందే పేర్ల పట్టికలు తయారగును, ఆయుధములు ప్రోగగును, పొరుగువానిని పురుగుతో పోల్చు మాటలు వీధులలో వినవచ్చును. ఈ గుర్తులను ముందుగ పసిగట్టి పైవారికి తెలుపవలసినవారు దౌత్యోద్యోగులు, శాంతి సైనికులు, ఐక్యరాజ్యసమితి సిబ్బంది. వారి సహాయార్థము ఐక్యరాజ్యసమితి 2014లో ఇట్టి అపాయ లక్షణములను 14 గా క్రోడీకరించి ప్రకటించినది. అమెరికాలో 2019 జనవరిలో ఎలీ వీజెల్ పేరిట వెలసిన చట్టము, ప్రమాదము పొంచియున్న దేశములకు పోవు దౌత్యోద్యోగులకు ఈ విషయమున శిక్షణను విధించినది.

అయితే ఆ శిక్షణ ఫలించినదని తెలియుట ఎట్లు? ఇదియే నేడు మనము విచారింపదలచిన ప్రశ్న.

తరగతి ముగియును. పాఠము బాగున్నదా, గురువు చక్కగ చెప్పెనా అని ఒక కాగితముపై అడుగుదురు. బాగున్నదని అందరును వ్రాసి యిండ్లకు పోవుదురు. 1959లో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అను అమెరికా ఆచార్యుడు శిక్షణకు విలువ కట్టుటకు నాలుగు మెట్లు చూపెను. నేర్చినవారికి నచ్చినదా అనునది మొదటిది. విద్య వంటబట్టినదా అనునది రెండవది. పనిలో వారి నడత మారినదా అనునది మూడవది. ఆ మార్పువలన కార్యము నెరవేరినదా అనునది నాలుగవది. మనము చెప్పిన కాగితము మొదటి మెట్టుననే ఆగిపోయినది.

నాలుగవ మెట్టున ఒక చిక్కు కలదు. జరుగని హత్యలను లెక్కించుట ఎవరి తరము? ఒక దేశమున ఘోరము తప్పినచో, అది శిక్షణ వలననో, నాయకుల రాజీ వలననో తేల్చుట కష్టము. కావున మూడవ మెట్టును గట్టిగ పట్టుకొనవలెను. అందులకు రువాండా చరిత్ర మనకు దారి చూపును.

ఆఫ్రికాలోని ఆ చిన్న దేశమున శాంతిసేనాధిపతిగ నున్న కెనడా సేనాని రోమియో డలేర్, 1994 జనవరి 11న న్యూయార్కునకు అత్యవసర సందేశము పంపెను. రహస్యముగ ఆయుధములు దాచుచున్నారనియు, టుట్సీ జాతివారి పేర్లు నమోదగుచున్నవనియు, అది వారిని చంపుటకే యని అనుమానము కలదనియు తెలిపెను. ఆ ఆయుధములను పట్టుకొందుననెను. అది సేన కొసగిన అధికారమునకు మించిన పనియని కేంద్ర కార్యాలయము వారించినది. ఏప్రిల్ 7 మొదలు సుమారు 100 దినములలో 8 లక్షల మంది వరకు హతులైరి. ఆ హత్యలు సాగుచుండగనే, ఏప్రిల్ 21న, భద్రతా సమితి అచటి సేనను సుమారు 270 మందికి కుదింప నిర్ణయించినది.

చూచినవాడు చూచెను; వ్రాసెను. కార్యము చెడినది చదివినవారి బల్లవద్ద. కావున దూరదేశమునకు పోవువారిని పరీక్షించి, వారి జాబు నందుకొను అధికారిని విడిచిపెట్టినచో, సగము శిక్షణనే కొలిచినట్లగును. 2009లో శ్రీలంక యుద్ధపు తుదిమాసములలో తన వారి నడవడిని గూర్చి ఐక్యరాజ్యసమితి జరిపించిన విచారణ నివేదిక 2012లో వెలువడినది. పౌరుల హత్యలను నివారించుట తమ బాధ్యతగా పలువురు పైయుద్యోగులు భావింపలేదని అందు కలదు. బాధ్యత తనదని తోచనివానికి 14 లక్షణములును కంఠస్థమైనను ప్రయోజనమేమి?

రేడియో వినువారమగు మనకు మరియొక సంగతి ముఖ్యము. 1993 జూలైలో రువాండాలో ప్రసారములు ప్రారంభించిన ఆర్.టి.ఎల్.ఎం. అను రేడియో, పాటల నడుమ టుట్సీలను బొద్దింకలని నిందించి, పిదప హత్యలకు పురికొల్పినది. దానిని నడిపిన పెద్దలకు రువాండాకై ఏర్పడిన అంతర్జాతీయ న్యాయస్థానము 2003 డిసెంబరులో శిక్ష విధించినది. ఆ మాటలు చాటుగ పలికినవి కావు. కాని పరుషమైనవి దేశభాషయగు కిన్యర్వాండాలో వెలువడెను. కావున పరీక్షకుడు 'ద్వేషప్రచారమననేమి?' అని అడిగిన చాలదు. 'మీరున్న ఊరి రేడియోను విని మీకు అర్థము చెప్పువారెవరు?' అని అడుగవలెను.

శిక్షణ ముగిసిన కొన్ని మాసములకు, ఆ ఉద్యోగుల కాగితములను తిరిగి చూడవలెను. గుర్తు కనబడిన నాటికిని, జాబు వ్రాసిన నాటికిని నడుమ ఎన్ని దినములు గడచినవి? ఆ జాబు నిర్ణయము చేయగలవానికి చేరినదా? ప్రత్యుత్తరము వచ్చినదా? హెచ్చరించినవానికి మెప్పు దొరికినదా, మందలింపు దొరికినదా? హెచ్చరించిన కీడు రాకపోయినంతమాత్రమున అతనిని దూషించు కార్యాలయములో, మరుసటి పర్యాయము నోరు మెదపువాడుండడు. హెచ్చరికల సంఖ్యనే మెచ్చుకొన్నను చిక్కే. అపుడు అనవసరపు జాబులలో అవసరమైనది మునిగిపోవును.

ఇల్లు కాలిన పిదప నుయ్యి త్రవ్వుట వ్యర్థమని మనవారు ఏనాడో చెప్పిరి. నుయ్యి ముందే త్రవ్వినంతనే చాలదు. అందు నీరున్నదో లేదో చేద వేసి చూచుట త్రవ్వించినవారి విధి. శిక్షణకైన వ్యయము, హాజరైనవారి సంఖ్య నూతి లోతును మాత్రమే చెప్పును. ఆపదలో నున్న ప్రజలకు కావలసినది నీరు.