'హాజ్ బీన్' - ఎవరు? ఎప్పుడు?
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంగ్లీషు వ్యాకరణం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగితే, ఈ వయసులో మనకెందుకండీ అన్నాను. తర్వాత ఆలోచిస్తే, గుమాస్తాగా నా సర్వీసంతా 'హాజ్ బీన్' అనే రెండు మాటల మీదే గడిచింది.

'యువర్ అప్లికేషన్ హాజ్ బీన్ ఫార్వర్డెడ్.' ఇది పాసివ్ వాయిస్. పని జరిగింది, చేసినవాడు కనిపించడు. కావాలంటే చివర 'బై' అని పేరు చేర్చవచ్చు, కాని ఎవరు చేరుస్తారు? పైగా ఇది ప్రెజెంట్ పర్ఫెక్ట్. పని అయిపోయింది, దాని ఫలితం ఇప్పుడు ఉంది అని చెప్పే కాలం. దీని పక్కన 'ఎస్టర్‌డే' అని గాని, 'ఆన్ ట్వెల్త్ జూన్' అని గాని రాస్తే తప్పు. తారీఖు వేయాలంటే 'వాజ్ ఫార్వర్డెడ్' అనాల్సిందే. మన మేష్టార్లు బెత్తం పట్టుకుని చెప్పిన సూత్రమే. ఈ రెండూ కలిసిన వాక్యంలో మనిషీ ఉండడు, తారీఖూ ఉండదు. గుమాస్తాకు అంతకంటే ఏం కావాలి?

ఒకావిడ భర్త పోయాక కుటుంబ పెన్షను కోసం మా ఆఫీసు చుట్టూ తిరిగేది. ఆవిడకు ఈ వాక్యమే టైపు చేయించి పంపాను. ఎవరిచేతనో చదివించుకుని, ఆ కాగితంతోనే వచ్చింది. "ఎవరు పంపారు బాబూ? ఎప్పుడు పంపారు?" అని అడిగింది. తెలుగువాళ్లం అలాగే అడుగుతాం మరి. 'పంపబడినది' అన్నది ఆఫీసు కాగితాల తెలుగు. ఇంట్లో 'పంపారు' అంటాం, పేరు చెప్పకపోయినా ఆ 'రు'లో ఎవరో ఒకరు ఉంటారు.

ఫైలు నా సొరుగులోనే ఉంది. మూడు వారాలుగా. ఆ సాయంత్రమే పంపించాననుకోండి. కాని ఆవిడకు నిజం చెప్పలేదు.

పాసివ్ వాయిస్ చెడ్డదని నేననను. 'హాజ్ బీన్ శాంక్షన్డ్' అంటే మంజూరు ప్రభుత్వానిది, ఏ అధికారి సొంత దయా కాదు. అది మంచిదే. 'ఈజ్ బీయింగ్ ఎగ్జామిన్డ్' అని వస్తే మాత్రం ఇంకా తేలలేదని అర్థం. తొందరపడి మిఠాయిలు పంచకండి.

'హాజ్ బీన్ ఫార్వర్డెడ్' అని ఉత్తరం వస్తే, 'ఆన్ వాట్ డేట్ వాజ్ ఇట్ ఫార్వర్డెడ్, అండ్ టు హూమ్?' అని తిరిగి రాయండి. 'వాజ్' అని అడిగాక తారీఖు వేయక తప్పదు. పలక్కపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. 30 రోజులలో జవాబివ్వాలి. డెస్పాచ్ నంబరు కూడా అడగండి. ఆ సీట్లో ఉన్నన్నాళ్లూ నేను దానికే భయపడేవాణ్ణి.