టైమ్‌షేర్‌లో ‘సొంత చోటు’ ఎంపిక – నా అనుభవం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం కలుసుకున్నప్పుడు 1982 నాటి నకారా తీర్పును తలచుకోవడం, రావలసిన డి.ఆర్. బకాయిల గురించి తీర్మానం చేయడం ఆనవాయితీ. ఆ రెండూ అయ్యాయి. కార్యదర్శిగారు నన్ను "అమెరికా వెళ్ళొచ్చారు కదా, ఆ విశేషాలు చెప్పండి" అన్నారు. అమెరికా విశేషాలు ఈ హాల్లో సగంమంది నాకే చెప్పగలరు. అందుచేత వారి అనుమతితో ఒక్క విషయమే మాట్లాడతాను. పోయిన నెలలో మన సభ్యులిద్దరు ఒకే రకం ఆహ్వానపత్రం పట్టుకొని నా దగ్గరికి వచ్చారు. దంపతులిద్దరూ ఫలానా హోటల్‌కు వస్తే భోజనం ఉచితం, గంటన్నర సేపు తమ విహారయాత్రల పథకం గురించి వినాలి అని అందులో ఉంది. "వెళ్ళమంటారా?" అని అడిగారు. భోజనానికి నిరభ్యంతరంగా వెళ్ళండి. చెక్కు పుస్తకం మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళండి అన్నాను. ఎందుకన్నానో చెప్పాలంటే ముందు నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి.

1996లో నేను ఆడిట్ శాఖలో ఉన్నాను. పంచాయతీల ఖర్చులో పావలా తేడా వస్తే అభ్యంతరం రాసే మనిషిని. అలాంటి నేను ఒక ఆదివారం సాయంత్రం రాజమండ్రిలో ఒక హోటల్లో కూర్చుని 42 వేల రూపాయలకు సంతకం పెట్టి వచ్చాను. ఆ సంస్థ పేరు ఇప్పుడు అనవసరం. పి.ఎఫ్. అప్పు తీసి కట్టాను. ఏటా ఒక వారం చొప్పున 33 ఏళ్ళు. ఏ ఊళ్ళో వారం కావాలో ఎంచుకోమని ఆల్బమ్ ఇచ్చారు. మా ఆవిడ కొడైకెనాల్ బొమ్మ దగ్గర ఆగింది. ఆ అబ్బాయి చాలా మర్యాదగా, "అమ్మగారూ, మనాలి తీసుకోండి. మంచుకొండలు, మే నెల, ఎర్ర వారం. మార్పిడికి దానికున్న విలువ దేనికీ లేదు. అది చూపిస్తే కొడైకెనాల్ ఏమిటి, ప్రపంచంలో ఎక్కడైనా ఇస్తారు" అన్నాడు. కాలాన్నిబట్టి వారాలకు ఎరుపు, తెలుపు, నీలం అని రంగులుండేవి, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. మా ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, "మనాలికి మనం ఏటా వెళ్తామా అండీ?" అని. ఆ అబ్బాయి, నేను ఇద్దరం నవ్వాం. ముందు వరుసలోనే కూర్చుంది, ఆవిడ ఇప్పుడు నవ్వుతోంది చూడండి.

మనాలికి ఒక్కసారి వెళ్ళాం, 1999లో. ఒకటిన్నర రోజు రైలు, ఆ తర్వాత రాత్రంతా బస్సు. చిన్నమ్మాయికి ఆ మలుపుల్లో వాంతులు. చోటు అద్భుతం, కాదనను. కానీ రానుపోను ప్రయాణానికైన ఖర్చుతో మేము కొడైకెనాల్‌లో గది అద్దెకు తీసుకొని హాయిగా ఉండి రావచ్చు. ఇక మార్పిడి సంగతి. మే నెలలో కొడైకెనాల్ కోసం నాలుగేళ్ళు వరసగా రాశాను. నాలుగుసార్లూ ఖాళీ లేదన్నారు. నవంబరులో మరోచోట ఇస్తామన్నారు. నవంబరులో పిల్లలకు బడి ఉంటుంది, నాకు సెలవు ఉండదు. నిర్వహణ రుసుము మాత్రం వెళ్ళినా వెళ్ళకపోయినా ఏటా పంపాలి. 2007లో కట్టడం మానేశాను, సభ్యత్వం పోయింది.

సంస్థవారి పని తీరు అలా ఉంచండి. తప్పు ఎక్కడ జరిగిందో నాకు అర్థమయ్యేసరికి చాలా ఏళ్ళు పట్టింది. కొడైకెనాల్‌లో వారం కొన్నవారు ముందు తమ వారం తాము వాడుకుంటారు. వారు వద్దనుకుంటేనే నాబోటి వాడికి దక్కుతుంది. మే నెలలో వద్దనుకునేదెవరు? నేను వెళ్ళే చోటు కొనలేదు, వెళ్ళని చోటు కొని, వెళ్ళే చోటుకోసం వరసలో నిలబడ్డాను.

ఇప్పుడు అమెరికాకు వద్దాం. 2022 మార్చిలో మేము అట్లాంటాలో పెద్దమ్మాయి దగ్గరున్నాం. వాళ్ళు పిల్లలతో ఏటా ఫ్లోరిడాలోని ఆర్లాండో వెళ్తుంటారు, డిస్నీ వారి పార్కులకు. కారులో ఏడు గంటల ప్రయాణం. ఒకరాత్రి భోజనాల బల్లమీద కాగితాల కట్ట పెట్టి అల్లుడుగారు, "మావయ్యగారూ, ఒకసారి మీ ఆడిట్ కళ్ళతో చూడండి, ఆదివారంలోగా చెప్పాలి" అన్నాడు. డిస్నీ వెకేషన్ క్లబ్ అని, అక్కడ 1991లో మొదలైన పథకం. మన పాత పద్ధతిలోలాగా ఒక వారం అని కాకుండా పాయింట్లు కొంటారు. ఏటా అన్ని పాయింట్లు మన ఖాతాలో పడతాయి. రద్దీ రోజుల్లో అదే గదికి ఎక్కువ పాయింట్లు, మామూలు రోజుల్లో తక్కువ. ఈ ఏడు వాడనివి గడువులోగా చెబితే వచ్చే ఏటికి వేసుకోవచ్చు, వచ్చే ఏటివి ముందుగా తెచ్చుకోనూ వచ్చు. మన ఆర్జిత సెలవుల ఖాతా చూసుకున్నట్టే అనిపించింది నాకు.

పాయింట్లు ఎక్కడైనా వాడుకోవచ్చు గాని, కొనేటప్పుడు ఏదో ఒక రిసార్ట్ పేరున కొనాలి. దాన్ని హోమ్ రిసార్ట్ అంటారు. నేను సొంత చోటు అంటున్నాను. సొంత చోటులో గదికి 11 నెలల ముందునుంచే రిజర్వు చేసుకోవచ్చు. మిగతా చోట్ల 7 నెలల ముందునుంచే. ఆ నాలుగు నెలల తేడాలోనే అసలు సంగతంతా ఉంది. రైల్లో బయలుదేరే స్టేషనువారికి ఉండే కోటా మధ్య స్టేషనువారికి ఉండదు కదా. రాజమండ్రిలో ఎక్కేవాళ్ళం మనకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

మా వాళ్ళు కొనబోతున్నది ఎక్కడ అనుకున్నారు? హవాయి దీవుల్లో, ఔలానీ అనే చోట. 2011లో తెరిచారు. పసిఫిక్ మహాసముద్రం మధ్యలో. అట్లాంటానుంచి విమానంలో తొమ్మిది గంటలకు పైమాటే. "అక్కడికి ఏటా వెళ్తారా?" అన్నాను. "లేదు మావయ్యగారూ, ప్రస్తుతం అక్కడి పాయింట్లకు ధర తగ్గించారు. అవి కొని ఆర్లాండోలో వాడుకుంటాం" అన్నాడు. నేను మా ఆవిడ వంక చూశాను. ఆవిడ అప్పటికే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపలనుంచి ఒక్క మాట వినపడింది: "మనాలి."

అమ్మినవారు ఏదీ దాచలేదు, ఆ మాట న్యాయంగా చెప్పాలి. 11 నెలలు, 7 నెలలు అన్నీ కాగితాల్లోనే ఉన్నాయి. చదివే ఓపిక మా వాళ్ళకు లేకపోయింది, అంతే. ఆ రాత్రి నేను తెల్లకాగితం తీసుకొని, గత ఐదేళ్ళలో మీరు ఏ తేదీల్లో ఎక్కడికి వెళ్ళారో రాయమన్నాను. నాలుగుసార్లు ఆర్లాండో. అన్నీ పిల్లల బడి సెలవుల్లోనే, ఎక్కువగా ఏప్రిల్ మొదటి వారంలో. ఒకసారి సౌత్ కెరొలినాలో హిల్టన్ హెడ్ సముద్రతీరానికి, అదీ మాకోసం. హవాయికి సున్న.

బడి సెలవులు వాళ్ళు జరపగలిగేవి కావు. ఊళ్ళో అందరి పిల్లలకూ అవే సెలవులు. అలాంటివారికి 11 నెలల హక్కు ప్రాణంతో సమానం. మనలాంటి వాళ్ళకు అంత అవసరం లేదు. మనకు సోమవారమైనా ఒకటే, సెప్టెంబరైనా ఒకటే. 7 నెలల ముందు మిగిలినదాంట్లో ఏదో ఒకటి మనకు సరిపోతుంది. కనుక ఒకే పథకంలో తండ్రికి మంచిదైన ఎంపిక కొడుక్కి మంచిది కానక్కరలేదు. అల్లుడి ఆఫీసులో ఒకాయన అప్పటికే సభ్యుడు. ఆయన మాకు కంప్యూటర్లో తెరిచి చూపించాడు. మార్చిలో కూర్చుని అక్టోబరుకు చూస్తున్నాం, అంటే సరిగ్గా 7 నెలలు. ఎప్కాట్ అనే పార్కులో శరదృతువులో తిండి పండుగ జరుగుతుంది. ఆ పార్కుకు నడిచి వెళ్ళేంత దగ్గరలో ఉన్న బోర్డువాక్‌లో మాకు కావలసిన రోజులు అప్పటికే అయిపోయాయి. విల్లాల సంఖ్య ఎక్కువగా ఉన్న సరటోగా స్ప్రింగ్స్‌లో మాత్రం దొరుకుతున్నాయి. అల్లుడుగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మా ఆవిడకు నచ్చింది ఇంకొకటి. యానిమల్ కింగ్‌డమ్ విల్లాలని, బాల్కనీలో నిలబడితే ఎదుట పచ్చికలో జిరాఫీలు తిరుగుతుంటాయి. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకొని జిరాఫీని చూసిన మనిషి ఇంకేది ఒప్పుకుంటుంది? కానీ అక్కడినుంచి ఏ పార్కుకు వెళ్ళాలన్నా బస్సో కారో ఎక్కాలి. ఆవిడ మోకాళ్ళకు అది పరీక్ష. ఏడాదికో రెండేళ్ళకో రెండు రాత్రులు చాలు, 7 నెలల ముందు ప్రయత్నించుకోవచ్చు, దానికోసం కొననక్కర్లేదు అని తీర్మానించాం.

తర్వాత గడువు. ఈ ఒప్పందాలు శాశ్వతం కావు. బోర్డువాక్ మొదలైన పాత వాటిలో చాలావాటికి 2042తో సరి. సరటోగాకు 2054. ఔలానీకి 2062. మా అమ్మాయి "20 ఏళ్ళేనా?" అంది. నాకు మాత్రం అదే మేలనిపించింది. ఎందుకంటే కొన్న ధరతో పని తీరదు. పాయింటుకు ఇంత అని ఏటా నిర్వహణ రుసుము ఉంటుంది. అది చోటునుబట్టి మారుతుంది, ఏటేటా పెరుగుతుంది. లెక్కకోసం పాయింటుకు 8 డాలర్లనుకుంటే 150 పాయింట్లకు 1,200 డాలర్లు, మన డబ్బులో లక్ష దాటింది. ప్రయాణం చేయని ఏడు కూడా కట్టాలి. సముద్రపు ఒడ్డున ఉన్నవాటికి ఇది ఎక్కువ. ఫ్లోరిడాలోనే వెరో బీచ్ అని ఉంది, కొనే ధర తక్కువని ఆశపడి తర్వాత ఈ రుసుము చూసి కంగుతినేవారున్నారు. ఉప్పుగాలి, తుపానులు, బీమా ఊరికే పోవు కదా. 2062 దాకా ఈ బిల్లు ఎవరు కడతారు? నా మనవడికి అప్పటికి 50 దాటతాయి. వాడికి పార్కులంటే ఇష్టమో కాదో ఎవరికి తెలుసు.

ఆదివారం వచ్చింది, వెళ్ళింది. మా వాళ్ళు సంతకం పెట్టలేదు. సంతకం అయిపోయాక తెలివొస్తే ఏమిటి అని ఆ రాత్రి నేను కాగితాలు మళ్ళీ తిరగేశాను. ఫ్లోరిడా చట్టంలో ఒక మంచి సౌకర్యం ఉంది. అక్కడ టైమ్‌షేర్ ఒప్పందం చేసుకున్నవారు 10 రోజుల్లోగా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. ఆ హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చినా అది చెల్లదు. మీ పిల్లలు అక్కడ ఏదైనా కొన్నామని ఫోనులో చెబితే, అభినందించే ముందు తేదీ అడగండి.

మరుసటి ఏడు, 2023లో, మా వాళ్ళు బోర్డువాక్ పాయింట్లనే ఒక పాత సభ్యుడి దగ్గర కొన్నారు. చేతులు మారినవి చవకగా వస్తాయి. అయితే సంస్థకు ముందుగా తానే కొనుక్కునే హక్కుంది, అది వదిలితేనే మనకు వస్తాయి. ఇంకో మెలిక కూడా ఉంది. 2019 జనవరి 19 తర్వాత ఇలా కొన్నవారికి, ఆ ఏడాది తెరిచిన రివియేరాలో గాని ఆ తర్వాత చేరిన కొత్తవాటిలో గాని ఆ పాయింట్లు చెల్లవు. రివియేరా పాయింట్లు చేయిమారితే రివియేరాలోనే చెల్లుతాయి. అంటే సొంత చోటు ఇప్పుడు ఇదివరకటికంటే గట్టిగా మనల్ని కట్టేస్తుంది. ఇక్కడ అమ్మాయి, అల్లుడు కొంత పోట్లాడుకున్నారు. కొత్తవి పోతేపోయాయి అన్నది అమ్మాయే.

2024 ఏప్రిల్ వారానికి 2023లోనే, 11 నెలల ముందు, ఉదయం 8 గంటలకు కంప్యూటరు ముందు కూర్చుని గది తీసుకున్నారు. ఆ వారం మేమూ ఉన్నాం. మా ఆవిడ చేతికర్ర పట్టుకొని, మధ్యలో రెండుచోట్ల బెంచీమీద కూర్చుని, గదినుంచి ఎప్కాట్ గేటుదాకా తన కాళ్ళతో నడిచింది. పిల్లలు ముందు పరుగెత్తుతున్నారు. 28 ఏళ్ళ క్రితం ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు ఇవ్వడానికి నేను అంత దూరం వెళ్ళవలసి వచ్చింది.

మీ దగ్గరికి వచ్చే పథకాల్లో ‘సొంత చోటు’ అన్న మాటే ఉండకపోవచ్చు. అన్ని ఊళ్ళూ మీవే అంటారు. అప్పుడు కూడా అడగండి: నాకు కావలసిన వారంలో, కావలసిన ఊళ్ళో, నాకంటే ముందు ఎవరికి హక్కుంది, ఎన్ని నెలల ముందు? నోటి మాట కాదు, కాగితంలో ఏ పేజీలో ఉందో వేలు పెట్టి చూపించమనండి. నా 1996 ఒప్పందం ట్రంకుపెట్టెలో పదిలంగా ఉంది. ఈరోజు తెచ్చాను, కావలసినవారు చూడవచ్చు. మార్పిడి సంగతి 11వ పేజీలో, అడుగున, సన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్ళజోడు తెచ్చుకోండి.

ఇలాంటి కాగితాలు ఎవరి దగ్గరైనా, ఎవరి పిల్లల దగ్గరైనా ఉంటే, మంగళవారం పొద్దున్న పదింటికి సంఘ కార్యాలయానికి తీసుకురండి. లైఫ్ సర్టిఫికెట్ల పని అయిపోయాక నేను ఖాళీగానే ఉంటాను. సంతకం పెట్టకముందు వస్తే మరీ సంతోషం.