పవర్ స్టీరింగ్ పుల్లీని సుత్తితో కొట్టొద్దు: నేను చేసిన తప్పు మీరు చేయకండి

ఈరోజు ఇందుకూరుపేటలో మా ఇంటి వెనకున్న రేకుల షెడ్డులోంచి మాట్లాడుతున్నా. నా చేతిలో ఉన్నది పవర్ స్టీరింగ్ పంపు పుల్లీ. సరైన టూల్ ఉంటే దీన్ని ఎక్కించడం చిన్న పని. ఆ టూల్ లేకుండా ఎక్కించి, నేను మా నాయన్ని కాలవలో పడేసినంత పని చేశా. ఆ సంగతి ముందు చెప్తా, తర్వాత పని చూపిస్తా.

మాది పాత డీజిల్ బండి. నాయన రోజూ తెల్లవారుజామున రొయ్యల గుంటల దగ్గరికి దాంట్లోనే పోతాడు. సముద్రం పక్కనే కదా, ఉప్పుగాలికి ఇనుము నిలవదు. పుల్లీ అంచు తుప్పు పట్టి బెల్ట్‌ని కొరికేస్తోంది. నేను అప్పుడు ఉద్యోగం మానేసి కొత్తగా ఇంటికొచ్చా. బీటెక్ చదివా, ఈ మాత్రం చేయలేనా అనుకున్నా. కొత్త పుల్లీ తెచ్చి, షాఫ్ట్ మీద పెట్టి, చెక్క అడ్డం పెట్టి సుత్తితో కొట్టా. ఎక్కింది. నాయన కూడా "పర్లేదే" అన్నాడు.

నాలుగో రోజు మైపాడు రోడ్డులో మలుపు దగ్గర బెల్ట్ ఊడిపోయింది. నాయన ఫోన్ చేసి ఒకటే మాట: "స్టీరింగ్ రాయి మాదిరి అయిపోయింది అబ్బయా." బెల్ట్ పోయినా స్టీరింగ్ తిరుగుతుంది ఫ్రెండ్స్, చక్రాలకి దాని కనెక్షన్ అలాగే ఉంటుంది. పంపు ఇచ్చే సాయం మాత్రం ఆగిపోతుంది. ఆ బరువు ఒక్కసారిగా చేతుల మీద పడితే అరవై దాటిన మనిషి ఏం చేస్తాడు? బండి కాలవ గట్టు మీద ఆగింది. ఇంకో రెండడుగులు పోయుంటే ఈ వీడియో ఉండేది కాదు.

నెల్లూరులో మెకానిక్ అన్న పంపు విప్పి చూసి, "ఎవరు కొట్టారు దీన్ని?" అన్నాడు. నేను తల దించుకున్నా.

తప్పు ఎక్కడంటే, ఈ రకం పుల్లీకి నట్టు ఉండదు. దీని రంధ్రం షాఫ్ట్ కంటే వెంట్రుకంత సన్నం. ఆ బిగువే దాన్ని పట్టుకుంటుంది. దీన్నే ప్రెస్ ఫిట్ అంటారు. సుత్తితో కొడితే ఆ దెబ్బ పుల్లీతో ఆగదు, షాఫ్ట్ గుండా పంపు లోపలికి పోతుంది. లోపల రోటర్, సన్నటి రేకుల్లాంటి వేన్‌లు, బేరింగ్, ఆయిల్ సీల్ ఉంటాయి. పైగా పుల్లీ వంకరగా ఎక్కుతుంది. పుల్లీ ధర వందల్లో, పంపు ధర వేలల్లో. మాకు రెండూ పోయాయి.

ఇప్పుడు పని చూద్దాం. ముందు మీ బండిలో అసలు పంపు ఉందో లేదో చూడండి. ఇప్పుడొచ్చే చిన్న కార్లలో చాలావాటికి ఎలక్ట్రిక్ స్టీరింగే, వాటిలో ఈ పంపు, ఆయిల్ డబ్బా ఉండవు. పంపు ఉంటే పుల్లీ మధ్యలో చూడండి. నట్టో బోల్టులో కనిపిస్తే అవి విప్పితే వస్తుంది. నున్నటి షాఫ్ట్, దాని మధ్యలో మరలున్న రంధ్రం కనిపిస్తే అది ప్రెస్ ఫిట్.

ఇంజిన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. లుంగీ కొస, తుండుగుడ్డ ఇంజిన్ దగ్గరికి రానీయొద్దు. పాత పుల్లీ తీసే ముందు షాఫ్ట్ కొస పుల్లీకి ఎంత లోపల ఉందో, ఎంత బయట ఉందో కొలవండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. నేను చేయని పని ఇదే. తీసేటప్పుడు పుల్లర్‌ని అంచుకి తగిలించొద్దు, అంచు వంగిపోతుంది. మధ్యలో మెడలాంటి గాడి ఉంటుంది, అక్కడ పట్టించాలి.

ఎక్కించే టూల్ ఇదిగో: పొడుగు బోల్టు, పెద్ద నట్టు, మధ్యలో బేరింగ్. షాఫ్ట్‌ని శుభ్రంగా తుడిచి, ఒక చుక్క ఆయిల్ రాయండి. బోల్టుని షాఫ్ట్ రంధ్రంలోకి చేత్తోనే పూర్తిగా దించండి. రెండు మూడు చుట్లతో వదిలేస్తే లోపలి మరలు ఊడొస్తాయి. తర్వాత ఒక స్పానర్‌తో బోల్టు కదలకుండా పట్టుకుని, ఇంకో దాంతో నట్టు తిప్పండి. నట్టు పుల్లీని నిదానంగా లోపలికి నెడుతుంది. నెట్టేది పుల్లీని, ఆధారం అదే షాఫ్ట్. అందుకే పంపు లోపలికి దెబ్బ పోదు. మధ్యలో ఆగి పుల్లీ నిటారుగా ఉందో లేదో చూడండి. గ్యాస్ మంటతో వేడి చేయొద్దు, వెనక సీల్ కాలిపోతుంది.

ఫొటోలో ఉన్న లోతుకి రాగానే ఆపండి. ఇప్పుడు నిటారు స్కేలుని రెండు పుల్లీల ముఖాలకి ఆనించి, బెల్ట్ గాడులు ఒకే గీతలో ఉన్నాయో లేదో చూడండి. చేత్తో తిప్పితే ఊగకూడదు. కొన్ని బండ్లలో ఒకే బెల్ట్ వాటర్ పంపుని, ఆల్టర్నేటర్‌ని కూడా తిప్పుతుంది. అక్కడ అది ఊడితే ఇంజిన్ కూడా వేడెక్కుతుంది.

బెల్ట్ వేసి, కంపెనీ చెప్పిన ఆయిల్ పోసి, ముందు చక్రాలు పైకి లేపి స్టాండ్ల మీద నిలపండి. ఇంజిన్ ఆపే ఉంచి, స్టీరింగ్‌ని ఆ చివర్నుంచి ఈ చివరికి నిదానంగా చాలాసార్లు తిప్పండి. లోపలి గాలి బుడగలుగా బయటికొస్తుంది. ఆయిల్ తగ్గితే మళ్ళీ పోసి, అప్పుడు స్టార్ట్ చేయండి.

కోడ్‌లో తప్పు చేస్తే వెనక్కి తిప్పుకునేవాణ్ణి. ఇక్కడ నేను చేసిన తప్పు మలుపు దాకా మా నాయనతోనే ప్రయాణం చేసింది. ఈ టూల్ మీ దగ్గర లేకపోతే ఉన్నవాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకోండి, లేదా మెకానిక్‌కి ఇచ్చేయండి. అందులో నామోషీ ఏం లేదు.

ఈ బండిని రేపు తెల్లారి నాయన కంటే ముందు నేనే మైపాడు దాకా తోలి చూస్తా. ఉంటా ఫ్రెండ్స్.