కంప్యూటర్లో వున్నవి ఎవరి బతుకులు?

(మహిళా సలహా కేంద్రాల కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నిన్నటి నుంచి మనం గృహహింస చట్టం గురించి, రక్షణాధికారుల గురించి, కోర్టుల్లో జాప్యం గురించి మాట్లాడుకుంటున్నాం. నన్ను మాత్రం కంప్యూటర్‌కి వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్ల గురించి మాట్లాడమన్నారు. పొద్దున టీ తాగేటప్పుడు ఒక కార్యకర్త "అక్కా, అది మెకానిక్ చూసుకునే పని కదా, మనకెందుకు?" అని అడిగింది. ఒకప్పుడు నేనూ ఇదే మాట అన్నాను. ఆ మాట వల్ల మా దగ్గరికి వచ్చిన ఒక స్త్రీకి ఏం జరిగిందో ముందు చెబుతాను.

2016 మొదట్లో సంగతి. మా కేంద్రంలో వున్నది ఒకటే కంప్యూటర్. ఎవరో దాత ఇచ్చిన పాతది. అప్‌డేట్ వచ్చింది, చేసుకోమంటారా అని అది వారాల తరబడి అడుగుతూనే వుంది. మేం "తర్వాత గుర్తు చెయ్యి" అన్న చోట నొక్కుతూనే వున్నాం. ఒక సాయంత్రం, మర్నాడు మేజిస్ట్రేట్ కోర్టులో వెయ్యాల్సిన ప్రమాణపత్రం పూర్తి చేసి, మా దగ్గర టైపు పని చేసే అమ్మాయి కంప్యూటర్ ఆపింది. ఆపటమూ అప్‌డేట్ చెయ్యటమూ ఒకే మీట కింద వున్నాయని ఆమెకి తెలీదు. తెర మీద శాతాలు లెక్కపెట్టటం మొదలైంది. నలభై దగ్గర వుండగా కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ పాడై ఏడాది దాటింది. కొత్తది కొనటానికి ఏ ప్రాజెక్టు పద్దులోనూ చోటు లేదు.

కరెంటు వచ్చాక కంప్యూటర్ "చేసిన మార్పులు వెనక్కి తీసుకుంటున్నాం" అంటూ రాత్రి పదింటిదాకా తిరిగింది. చివరికి తెరుచుకుంది. తెర ఖాళీ. ప్రమాణపత్రం లేదు, ఆమె ఒంటి మీద దెబ్బల ఫొటోలు లేవు, ఆసుపత్రి కాగితాల స్కాన్లు లేవు. నేను ఆ అమ్మాయి మీద అరిచాను. "ఎవరు నొక్కమన్నారు నిన్ను?" అన్నాను. ఆమె ఏడుస్తూ ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మేం చేసిన పని ఏమిటంటే, ఆ స్త్రీని మళ్ళీ పిలిపించి మొదటినుంచీ చెప్పించుకుని చేత్తో రాసుకున్నాం. ఒకసారి చెప్పిన బాధను మళ్ళీ మళ్ళీ చెప్పించకూడదని మనం ప్రతి శిక్షణలోనూ నేర్పుతాం. పోలీసు స్టేషన్లో చెప్పి, ఆసుపత్రిలో చెప్పి, మాకు చెప్పి, నాలుగోసారి మా నిర్లక్ష్యం వల్ల చెప్పిందామె. మర్నాడు కాగితమైతే పెట్టగలిగాం గానీ ఫొటోలు లేవు. మూడు వారాలకి వాయిదా పడింది. పుట్టింట్లో వుండే వీలు లేక ఆ మూడు వారాలూ ఆమె ఆ ఇంటికే తిరిగి వెళ్ళింది. అక్కడ ఏం జరిగిందో ఆమె మాకు చెప్పలేదు. అడిగే ముఖం మాకూ లేదు.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆ ఫైళ్ళు ఎక్కడికీ పోలేదు. అప్‌డేట్ సగంలో ఆగిపోవటంతో కంప్యూటర్ మా పాత ఖాతాని తెరవలేక, తాత్కాలికంగా ఒక కొత్త ఖాళీ ఖాతాని తెరిచింది. పాత ఖాతా ఫోల్డరు హార్డ్ డిస్క్‌లో అలాగే వుంది. తెలిసిన మనిషి అయిదు నిమిషాల్లో చూపించాడు. మా దగ్గర ఇంకొక కాపీ వున్నా, ఆ రాత్రి ఎవరినైనా అడిగి వున్నా ఇదంతా జరిగేది కాదు.

మిత్రులారా, దీని తర్వాత మేం చేసింది ఇంకా పెద్ద తప్పు. కంప్యూటర్ బాగుచేసే అతను "అసలు అప్‌డేట్లే రాకుండా ఆపేస్తాను మేడమ్, ఇక మీకీ బాధ వుండదు" అన్నాడు. మాకు ప్రాణం లేచొచ్చింది. ఏడాదికి పైగా ఒక్క అప్‌డేట్ కూడా లేకుండా గడిపాం. చాలా బాగా పనిచేస్తోంది అనుకున్నాం.

2017 మే 12న వాన్నాక్రై అనే దాడి ప్రపంచమంతా పాకింది. అది విండోస్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో వున్న ఒక లోపం గుండా ఒక కంప్యూటర్ నుంచి ఇంకొక దానికి తనంతట తానే వెళ్తుంది. ఎవరూ ఏదీ నొక్కక్కరలేదు. ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, తియ్యాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్ రూపంలో ఇమ్మంటుంది. దాదాపు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవకు చెందిన 236 ట్రస్టుల్లో కనీసం 80 దెబ్బతిన్నాయి. వేల మంది రోగుల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా ఆగిపోయాయని అప్పటి పత్రికలు రాశాయి.

ఇందులో మనం గమనించాల్సిన విషయం ఒకటి వుంది. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే విడుదల చేసింది. అంటే దాడికి దాదాపు రెండు నెలల ముందు. దెబ్బతిన్న వాటిలో అత్యధిక భాగం విండోస్ 7 కంప్యూటర్లు. వాటికి మందు అప్పటికే వుంది, వాడలేదంతే. ఇంకొక సంగతి. అప్‌డేట్ విడుదలయ్యాక, అది ఏ లోపాన్ని పూడ్చిందో దాడిచేసేవాళ్ళు కూడా చదువుకుంటారు. అప్పటిదాకా కొద్దిమందికే తెలిసిన కన్నం ఇక అందరికీ తెలుస్తుంది. అందువల్ల అప్‌డేట్ వచ్చిన రోజుకీ మనం వేసుకున్న రోజుకీ మధ్య వుండే కాలమే మనకి ఎక్కువ ప్రమాదం. మేం ఆ కాలాన్ని ఏడాదికి పైగా సాగదీశాం.

ఆ వార్త చదివి నేను మా కంప్యూటర్ అతన్ని పిలిచాను. "మన దగ్గర ఏముంది మేడమ్, మన జోలికెవరొస్తారు?" అన్నాడు. నేను ఆ రాత్రి కూచుని మా దగ్గర ఏముందో లెక్క రాశాను. ఆరువందల పైచిలుకు స్త్రీల ఫైళ్ళు. వాళ్ళ పేర్లు, ఇప్పుడు తలదాచుకున్న చోటు, పిల్లలు చదివే బడి, చేసే పని, భర్త బెదిరించిన మాటలు. అత్యాచారానికి గురైన వారి పేరు బయటపెట్టటం నేరమని చట్టం చెబుతోంది. అప్పట్లో అది భారత శిక్షాస్మృతి 228ఎ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్. పేపరు వాళ్ళు పేరు రాస్తే మనం ధర్నా చేస్తాం. అవే పేర్లున్న కంప్యూటర్‌కి గడియ కూడా పెట్టకుండా వదిలేశాం. ఆ స్త్రీలు మనల్ని నమ్మి చెప్పారు. మెకానిక్‌ని నమ్మి చెప్పలేదు.

ఆ వారమే మేం మళ్ళీ అప్‌డేట్లు మొదలుపెట్టాం. ముందు రెండు హార్డ్ డిస్క్‌ల మీద అన్నీ కాపీ చేసుకున్నాం. తర్వాత ఒకటిన్నర రోజు పట్టింది, ఏడెనిమిదిసార్లు కంప్యూటర్ ఆగి తిరిగి మొదలైంది. మా అదృష్టం కొద్దీ ఏ నష్టమూ జరగలేదు. అదృష్టం అనే అంటున్నాను, అందులో మా గొప్ప ఏమీ లేదు.

ఇప్పుడు మీరు చెప్పిన భయాల సంగతికి వస్తాను. నిన్న రాత్రి గదుల్లో చాలామంది చెప్పారు. అప్‌డేట్ చేస్తే పాత తెలుగు ఫాంట్లు పనిచెయ్యటం మానేశాయని, పదిహేనేళ్ళ కరపత్రాలన్నీ తెరుచుకోవటం లేదని ఒకరు. ఆ రోజుకి ఫోనులో వున్న డేటా మొత్తం అప్‌డేట్ తినేసిందని మరొకరు. ప్రింటర్ ఆగిపోయిందని ఇంకొకరు. ఇవన్నీ నిజాలే. అప్‌డేట్ల వల్ల నష్టమే లేదని నేను చెప్పను. 2018 అక్టోబరులో విడుదలైన విండోస్ 10 పెద్ద మార్పుల అప్‌డేట్ కొంతమంది సొంత ఫైళ్ళను చెరిపేసింది. కొద్ది రోజుల్లోనే దాన్ని ఆపాల్సి వచ్చింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో 85 లక్షల కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూచున్నాయి. మన దేశంలో కూడా విమానాశ్రయాల్లో చేత్తో రాసి బోర్డింగ్ పాసులు ఇచ్చారు.

అయితే ఈ అనుభవాల నుంచి మనం తీసుకోవాల్సింది అప్‌డేట్లు మానెయ్యాలని కాదు. మన సమయంలో, మన సిద్ధపాటుతో చేసుకోవాలని. మేం పాటిస్తున్నవి చెబుతాను.

విండోస్‌కి నెలవారీ భద్రతా అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం అమెరికాలో విడుదలవుతాయి. మనకది రాత్రి. అంటే బుధవారం పొద్దున మన తలుపు తడతాయి. ఆ వారంలో ఒక మధ్యాహ్నం మేం అప్‌డేట్‌కి కేటాయించాం. శుక్రవారం సాయంత్రం, కోర్టు వాయిదాకి ముందురోజు చెయ్యం. అత్యవసరమైతే కొద్ది రోజులు నిలిపివుంచే వీలు సెట్టింగుల్లోనే వుంది. పూర్తిగా ఆపటం వేరు, నాలుగు రోజులు ఆగటం వేరు. మొదలుపెట్టే ముందు ఫైళ్ళ కాపీ రెండు చోట్ల వుండాలి. ఆ డిస్క్ తీసి బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. కంప్యూటర్‌కే తగిలించి వుంచితే వైరస్ దానికీ తాళం వేస్తుంది. కాపీలోని ఫైళ్ళు తెరుచుకుంటున్నాయో లేదో మూడు నెలలకోసారి చూడాలి. పాత ఫాంట్ల కరపత్రాల కోసం ఒక పాత కంప్యూటర్‌ని ఇంటర్నెట్ లేకుండా విడిగా వుంచుకున్నాం. కేసు ఫైళ్ళు అందులో పెట్టం.

ఫోన్ల విషయం కూడా చెప్పాలి. అప్‌డేట్ చేస్తే రికార్డింగులు పోతాయేమోనని మన దగ్గరికొచ్చే స్త్రీలు భయపడతారు. ముందు కాపీ తీయించండి. కానీ కాపీ వుంది కదా అని అసలు ఫోను చెరిపెయ్యనివ్వకండి, సాక్ష్యంగా అది అవసరమవుతుంది. అప్‌డేట్ చేసుకోమంటూ వాట్సాప్‌లో వచ్చే లింకుల్ని ఎప్పుడూ నొక్కవద్దు. అసలు అప్‌డేట్ ఫోను సెట్టింగుల్లోనే దొరుకుతుంది.

ఇది మగవాళ్ళ పని, చదువుకున్నవాళ్ళ పని అనుకునేవారికి ఒక స్త్రీ సంగతి చెబుతాను. సౌదీ అరేబియాలో స్త్రీలకు కారు నడిపే హక్కు కోసం పోరాడి జైలుకెళ్ళిన లుజైన్ అల్ హత్లూల్ 2021 ఫిబ్రవరిలో విడుదలయ్యారు. తన ఫోనులోకి ఎవరో చొరబడ్డారన్న అనుమానంతో ఆమె దాన్ని కెనడాలోని సిటిజన్ ల్యాబ్ పరిశోధకులకు పరీక్షకి ఇచ్చారు. పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ వదిలిన ఆనవాలు అందులో దొరికింది. దాని ఆధారంగా ఆపిల్ 2021 సెప్టెంబరు 13న ఐఫోన్లకి భద్రతా అప్‌డేట్ ఇచ్చింది. ఆ ఫోను ఆమెదేనని 2022లో రాయిటర్స్ వార్తాసంస్థ రాసింది. ఒక హక్కుల కార్యకర్త అనుమానాన్ని అణుచుకోకుండా అడిగినందువల్ల ప్రపంచంలో ఎందరి ఫోన్లకో రక్షణ దొరికింది. మనం ఆ అప్‌డేట్‌ని "తర్వాత" అని పక్కకి నెడుతున్నాం.

చివరిగా రెండు డిమాండ్లు. మొదటిది నిధులిచ్చే సంస్థలకి. బ్యానర్లకి, భోజనాలకి పద్దు వుంటుంది. యూపీఎస్ బ్యాటరీకి, రెండు హార్డ్ డిస్క్‌లకి వుండదు. ఇక మీదట ప్రతి ప్రతిపాదనలోనూ అది రాయండి, కొట్టేస్తే ఎందుకని అడగండి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మన కేంద్రాల్లోని పాత కంప్యూటర్లు చాలావరకు విండోస్ 11ని ఎక్కించుకోలేవు. బాగా పనిచేస్తున్న యంత్రాల్ని పారెయ్యాల్సి రావటం బీద సంస్థల మీద మోపిన భారమే. ఉచిత లైనక్స్ వ్యవస్థలు వీటి మీద నడుస్తాయి. తెలుగులో వాటిని తేవటానికి హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ ఎంతో పని చేసింది. కేసు ఫైళ్ళ కంప్యూటర్ల కోసమైనా ఈ దారి ఆలోచించాలి.

రెండో డిమాండు మనకి మనమే పెట్టుకోవాల్సింది. మన ఆఫీసుల్లో తక్కువ జీతానికి పనిచేసే అమ్మాయి చేతిలో ఆ యంత్రం పెడతాం, నేర్పం, ఏదైనా జరిగితే ఆమెనే తిడతాం. ఇంట్లో కోడలి మీద జరిగేదానికీ దీనికీ తేడా ఏమిటి? ఆ రోజు నేను అరిచిన అమ్మాయి పది రోజులు పనికి రాలేదు. నేను వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ అడిగాను. "నేను అడగాలనుకున్నాను అక్కా, మీరు బిజీగా వుంటే భయమేసింది" అంది. ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు. ఇప్పుడు మా కేంద్రంలో అప్‌డేట్ల బాధ్యత ఆమెదే. ఫలానా రోజు మధ్యాహ్నం కంప్యూటర్ ఎవరూ ముట్టుకోవద్దని ఆమె గోడ మీద కాగితం అంటిస్తే, సెక్రెటరీతో సహా అందరం వింటాం.

మీరు తిరిగి వెళ్ళాక ముందు మీ కంప్యూటర్లో ఎవరి బతుకులున్నాయో లెక్క రాయండి. తర్వాత అప్‌డేట్ ఆఖరిసారి ఎప్పుడు చేశారో చూడండి. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే, తర్వాత ఏం చెయ్యాలో నేను చెప్పక్కరలేదు.